చూచునది కన్నా, మెదడా?



"నా కన్నులార చూచితిని" అను మాటకు మన గ్రామములలో గల విలువ మఱి యే మాటకును లేదు. పొలము గట్టు తగవులోనైనను, రచ్చబండకడ సాక్ష్యములోనైనను, విన్నవాని మాటకంటె కన్నవాని మాటకే పెద్దలు బరువిత్తురు. అది న్యాయమే. కాని చూచుట యనగా నేమి? కన్ను తెఱచినంతనే యెదుటి వస్తువు ఉన్నదున్నట్లు లోపలికి వచ్చి చేరునా? ఫోటో తీయు పెట్టెలో బొమ్మ పడినట్లు కంటిలో బొమ్మ పడుటయే చూపా? కాదని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. కన్ను వార్తను తెచ్చును. ఆ వార్తకు అర్థము చెప్పునది మెదడు. వార్తలో కొఱత యున్నచో, తనకు తెలిసినదానితో దానిని పూరించునది మెదడే. వార్త బొత్తిగా రాకున్నచో, తనంతట తాను బొమ్మలు కట్టి చూపునదియు మెదడే. ఈ విషయమును గూర్చి నేడు మీతో కొంత ముచ్చటింపదలచితిని. ఇది వినోదమునకు మాత్రమే చెప్పుట కాదు. చూపు మందగించిన వృద్ధులున్న ప్రతి యింటికిని దీనితో పని కలదు. ఆ సంగతి చివర మనవి చేసెదను.

ముందుగా కంటి నిర్మాణమును సంగ్రహముగా చెప్పెదను. కనుపాప నడుమనున్న రంధ్రముగుండ వెలుతురు లోనికి పోయి, కంటి వెనుకగోడకు అంటియున్న యొక పలుచని పొరపై బడును. దీనికి నేత్రపటలమని పేరు. ఆ పొరపై బడు బొమ్మ తలక్రిందులుగా నుండునని 1604 సంవత్సరములోనే కెప్లరు అను జ్యోతిశ్శాస్త్రవేత్త గణితముచే నిరూపించెను. ఆ బొమ్మ యంతయు స్పష్టముగా నుండదు. చేయి చాచి బొటనవ్రేలు నిలిపినచో, దాని గోరు ఎంత మేరను కప్పునో, రమారమి యంత మేర మాత్రమే యొక్క క్షణమున మనకు మిక్కిలి స్పష్టముగా కనబడును. చుట్టునున్నదంతయు మసకయే. అందుచేతనే మన కన్నులు క్షణమునకు రెండు మూడు మారులు ఇటునటు దుముకుచుండును. ఆ దుముకుట మనకు తెలియదు. లోకమంతయు ఒక్కమాఱే స్పష్టముగా పఱచినట్లు మనకు తోచును.

ఒక్కొక్క నేత్రపటలములో వెలుతురును పట్టు కణములు సుమారు 10 కోట్లు కలవు. కాని యక్కడినుండి మెదడునకు పోవు నాడిలో తంతువులు 10 లక్షల దరిదాపున మాత్రమే యున్నవి. అనగా సగటున నూఱు కణములు తెచ్చిన వార్తను ఒక్క తంతువు మోయవలెను. నూఱు మాటల జాబును ఒక్క మాటలోనికి కుదించి తంతి కొట్టినట్లు, కంటిలోనే వార్త కుదింపబడును. ఇక ఆ తంతిని చదువుకొనువాడు దానిని విప్పి చెప్పుకొనవలెను గదా.

చదువుకొనుచోటు కంటి సమీపమున లేదు. తలకు వెనుకభాగమున, ఎముక చాటున నున్నది. ఈ సంగతి విపులముగా తెలిసినది యొక యుద్ధముచేత. 1904-05 సంవత్సరములలో రష్యా జపాను దేశములకు పోరు జరిగినప్పుడు, సన్నని తుపాకిగుండ్లు తల వెనుకభాగమున దూరి వెడలిపోగా, బ్రదికి బయటపడిన సైనికులు పలువురుండిరి. వారి కన్నులు చెక్కుచెదరలేదు. అయినను ఎదుటి దృశ్యములో కొంతభాగము వారికి కానరాకుండెను. తత్సుజీ ఇనోయే అను జపాను నేత్రవైద్యుడు వారిని ఓపికతో పరీక్షించి, గుండు మెదడులో నేచోట తగిలిన దృశ్యములో నేభాగము పోవునో లెక్కవేసి, 1909లో ఒక పటమును ప్రకటించెను. కన్ను బాగుండియు చూపు లేకపోవచ్చునని దానివలన స్పష్టమయ్యెను.

మఱియొక విశేషము. కంటినుండి మెదడునకు పోవు త్రోవలో నొక మజిలీ కలదు. ఆ మజిలీకి కంటినుండి వచ్చు తంతువుల అతుకులకంటె, మెదడు పైభాగమునుండి దిగివచ్చు తంతువుల అతుకులే యెక్కువ. వార్త పైకి పోవుటయే కాదు, పైనుండి ఆజ్ఞలును క్రిందికి వచ్చుచున్నవి. "ఇట్టిది రావలెను, చూడుము" అని మెదడు ముందుగానే యొక అంచనా వేసి పంపును. వచ్చిన వార్తయు ఆ అంచనాయు కలిసిన చోటనే మనకు చూపు కలుగుచున్నది.

ఇది నా మాటమీద నమ్మనక్కఱలేదు. మీ యింటనే పరీక్షింపవచ్చును. శుభ్రమైన నేలపై రెండు చింతగింజలను ఒకదానికొకటి జానెడు దూరమున ఎడమకొకటి కుడికొకటి ఉంచుడు. ఎడమకన్ను మూసికొని, కుడికంటితో ఎడమవైపు గింజనే తదేకముగా చూడుడు. తలను మూరన్నర దూరమునుండి రెండు మూరల దూరమువఱకు మెల్లగా వెనుకకు జరుపుడు. నడుమ నొకచోట కుడివైపు గింజ చటుక్కున మాయమగును. అక్కడ నల్లని చిల్లి కనబడదు. ఏమియు లేని శుభ్రమైన నేలయే కనబడును. కంటినుండి నాడి బయలుదేరు చోట వెలుతురును పట్టు కణములు లేవు. ఆ చోట బడిన బొమ్మ మనకు తెలియదు. ఎడ్మె మారియట్టు అను ఫ్రెంచి పండితుడు దీనిని కనిపెట్టగా, 1668లో ఆ సంగతి లోకమునకు వెల్లడియయ్యెను. పుట్టినది మొదలు ప్రతి మానవుని కంటను ఈ చిల్లి యున్నను, ఎవ్వరికిని అది తెలియకపోయెను. ఏలయన, చుట్టునున్న నేల రంగును బట్టి మెదడు ఆ చిల్లికి అతుకు వేయుచున్నది. చాకచక్యము గల దర్జీ వేసిన అతుకు కంటికి కనబడదుగదా!

అయినచో ఈ నేర్పు మెదడునకు పుట్టుకతోనే యున్నదా, అభ్యాసమున వచ్చినదా? కొంత పుట్టుకతో వచ్చినదే. కాని చాలవఱకు నేర్చుకొన్నదే. 1728లో చెసెల్డెను అను లండను శస్త్రవైద్యుడు, పసితనమునుండియు శుక్లములచే చూపులేని యొక పదుమూడేండ్ల బాలునకు శస్త్రము చేసి చూపు రప్పించిన వృత్తాంతమును ప్రకటించెను. కట్లు విప్పగనే ఆ బాలుడు లోకమునంతయు గుర్తించి యానందించెనని మీరూహింతురు. అట్లు జరుగలేదు. కనబడినవన్నియు తన కన్నులకు తగులుచున్నట్లే అతనికి తోచెను. ఏది దగ్గఱో ఏది దూరమో తెలియకపోయెను. ఇంటి పిల్లిని కుక్కను చూపుచేత వేఱుపఱుపలేక, సిగ్గుపడి, పిల్లిని చేత బట్టి తడవి, దాని మొగమును నిదానించి చూచి గుర్తు పెట్టుకొనెనట. పటములు అతనికి మొదట రంగుల మరకలుగా మాత్రమే కానవచ్చెను. సుమారు రెండు మాసములు గడచిన పిమ్మట అవి మనుష్యుల యాకృతులని తెలియగా, చేతితో తడవి చూచి, నున్నగా తగులుటచే ఆశ్చర్యపడి, తన చూపు అబద్ధమాడుచున్నదో, స్పర్శ అబద్ధమాడుచున్నదో చెప్పుడని యడిగెనట.

మన దేశములోనే ఇట్టి పరీక్ష నిదానముగా జరిగినది. ప్రాజెక్ట్ ప్రకాశ్ అను కార్యక్రమమున, పుట్టుగ్రుడ్డితనము కుదుర్చదగిన పిల్లలను వెదకి శస్త్రచికిత్స చేయించుచు, పవన్ సిన్హా మొదలగు శాస్త్రజ్ఞులు వారి చూపు ఎట్లు వికసించునో పరిశీలించిరి. 2011లో ప్రకటించిన యొక పరిశీలనలో, 8 మొదలు 17 ఏండ్ల ప్రాయముగల యైదుగురు పిల్లలకు చికిత్సయైన వెంటనే, ఒక వస్తువును చేత తడవనిచ్చి, అదే వస్తువును కంటితో గుర్తింపుమని కోరిరి. వారు గుర్తింపలేకపోయిరి. కాని కొన్ని దినములకే ఆ నేర్పు వారికి అలవడెను. చేతికి తెలిసిన రూపమును కంటి రూపముతో ముడివేయుట అభ్యాసమున వచ్చునని దీనివలన తేలినది. పసిబిడ్డ కంటిపాపలో తెల్లదనము కనబడినచో, పెద్దయైన పిమ్మట చూతమని యుపేక్షింపక, వెంటనే కంటివైద్యునకు చూపవలసిన కారణము ఇదియే. చూచుట నేర్చుకొను ఈడు దాటినకొలది మెదడునకు ఆ పాఠము కష్టమగును.

ఇక నీ అంచనా సంగతి. మసక చీకటిలో త్రాటిని చూచి పామని బెదరుట మన పెద్దలకు తెలిసిన దృష్టాంతమే. గౌడపాదాచార్యుల మాండూక్యకారికలలో చీకటిలోని త్రాడు పామనియు నీటిధారయనియు భ్రమింపబడుట చెప్పబడినది. వేదాంతులు దానిని పరమార్థము చెప్పుటకు వాడిరి. నేను దానిని చూపు సంగతి చెప్పుటకు మాత్రమే యెత్తుకొనుచున్నాను. ఆ భ్రమ పట్టపగలు కలుగక మసకచీకటిలోనే యేల కలుగును? వెలుతురు తగ్గినప్పుడు కన్ను తెచ్చు వార్త బలహీనమగును. అప్పుడు మెదడు వేసిన అంచనా బలవంతమగును. అంచనాలలో పామే యేల ముందు వచ్చును? త్రాటిని పామనుకొన్నచో ఒక్క యడుగు వెనుకకు వేయుటయే నష్టము. పామును త్రాడనుకొన్నచో ప్రాణమే పోవును. కావున మెదడు తక్కువ నష్టము గల తప్పును ఎన్నుకొనును. లాంతరు తెచ్చినచో వార్త బలపడి అంచనా వెనుకకు తగ్గును.

ఇచ్చట నొక భేదమును గమనింపుడు. ఎండమావియు భ్రమయే యందురు. కాని అది వేఱు జాతిది. నేలవేడిమిచే గాలి పలుచబడి, వెలుతురు త్రోవ వంగి, ఆకాశపు వెలుగు నేలమీదినుండి వచ్చినట్లు కంటికి చేరును. ఎండమావిని ఫోటో తీసినచో ఫోటోలోను కనబడును. త్రాటిపాము ఫోటోలో పడదు. మొదటిది వెలుతురు చేయు వింత, రెండవది మెదడు చేయు వింత. పున్నమినాడు ఉదయించు చంద్రుడు పెద్దదిగాను, నడినెత్తి కెక్కిన చంద్రుడు చిన్నదిగాను తోచుట యీ రెండవ జాతిలోనిదే. ఒక కందిగింజను రెండు వ్రేళ్ల నడుమ పట్టి, చేయి చాచి, ఉదయవేళను నడిరేయిని చంద్రునకు అడ్డముగా నుంచి చూడుడు. రెండు వేళలయందును ఆ చిన్న గింజయే చంద్రుని కప్పివేయును. చంద్రుని కొలత మాఱలేదు. మాఱినది మన తలపులోని కొలత.

హెల్మ్‌హోల్ట్జ్ అను జర్మను పండితుడు 1867లో ముగించిన తన మహాగ్రంథములో ఈ వ్యాపారమునకు చక్కని పేరు పెట్టెను. చూచుట యనగా, మనకు తెలియకయే మనస్సు చేయు అనుమానమని యాతడనెను. ఇచ్చట అనుమానమనగా సందేహము కాదు. మన తర్కశాస్త్రములో కొండపై పొగను చూచి నిప్పును నిర్ణయించుటను అనుమానమందురు గదా. అట్టిదే యిదియు. కంటికి తగులునది పొగవంటి గుఱుతు. మెదడు నిర్ణయించునది నిప్పువంటి వస్తువు. అనుమానము మిక్కిలి వేగముగా జరుగుటచే దానిని మనము అనుమానమనుకొనక ప్రత్యక్షమే యనుకొందుము.

ప్రత్యక్షమనుకొన్నది ఎంతవఱకు అంచనా కావచ్చునో 1949లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున బ్రూనరు, పోస్ట్‌మను అనువారు పేకముక్కలతో చూపిరి. ఎఱ్ఱని ఇస్పేటులు, నల్లని ఆఠీనులు గల కొన్ని దొంగముక్కలను చేయించి, మంచి ముక్కల నడుమ కలిపి, ఒక్కొక్కదానిని క్షణములో కొద్ది పాలు మాత్రము చూపి, చూచినదేమియని విద్యార్థుల నడిగిరి. చాలమందికి దొంగముక్క దొంగముక్కగా కానరాలేదు. నల్లని ఆఠీనును చూచి కొందఱు జంకు లేకుండ ఇస్పేటనిరి. కొందఱు దానిని మామూలు ఎఱ్ఱ ఆఠీనే యనిరి. మఱికొందఱికి ఎఱుపు నలుపు కలిసిన ఊదా రంగో గోధుమ రంగో కనబడెను. మోసము గ్రహించుటకు, మంచి ముక్కను గుర్తించుటకంటె చాల యెక్కువ సేపు చూడవలసివచ్చెను. అయితే ఒక్కమాఱు దొంగముక్కలున్నవని తెలిసినవారు తరువాతివానిని సులభముగా పట్టుకొనిరి.

తగవులు తీర్చు పెద్దలకు దీనివలన ఉపయోగము కలదు. సాక్షి అబద్ధమాడుచున్నాడా, నిజము చెప్పుచున్నాడా యని రెండే ప్రశ్నలు మనము వేయుదుము. మూడవది కూడ కలదు. అతడు నిజాయితీతోనే చెప్పుచుండియు, కన్ను తెచ్చినదానికి మెదడు వేసిన అతుకును చూచినదానిగానే చెప్పుచుండవచ్చును. "రాత్రి పెరటి గోడ దూకినవాడు ఫలానివాడే" యని చెప్పు సాక్షిని ముందు పేరడుగకుడు. "నీకు కనబడిన దేమి? మొగమా, వీపా, పంచెరంగా? వెలుతురెంత? దూరమెంత? ఆ పేరు నీకు ముందుగా తోచినదా, ఇతరులు చెప్పగా విన్నావా?" యని యడుగుడు. కనబడినదియు, అనుకొన్నదియు వేఱుగా విడదీసినచో, అమాయకుడు దొంగయను పేరు పడకుండ తప్పింపవచ్చును.

ఇంతవఱకు ఎదుట వస్తువున్నప్పటి మాట. వస్తువు లేకయే చూచుటయు మనకు కలదు. కన్నులు మూసికొని మీ యూరి చెఱువుగట్టును తలచుకొనుడు. చాలమందికి మఱ్ఱిచెట్టు, రేవు, నీటిపై యెండ కొంచెము కొంచెముగా కనబడును. దీనినే మనోదృశ్య మందురు. తలచుకొనునప్పుడును, నిజముగా చూచునప్పుడును మెదడులో పనిచేయు భాగములు చాలవఱకు నొక్కటియే. అందుచేత రెంటికిని సరిహద్దు మనమనుకొన్నంత గట్టిది కాదు. 1910లో ప్రకటింపబడిన యొక పరిశోధనలో, పెర్కీ యను నామె కొందఱిని ఒక తెఱను చూచుచు దానిపై అరటిపండునో, ఆకునో ఊహించుకొనుడని కోరెను. వారికి తెలియకుండ తెఱ వెనుకనుండి అదే వస్తువు బొమ్మను మిక్కిలి మసకగా నిజముగానే ప్రసరింపజేసెను. వారందఱును అది తమ యూహయే యనుకొనిరి. పండు అడ్డముగా నున్నట్లు తలచుకొనగా నిలువుగా వచ్చినదే యని కొందఱు ఆశ్చర్యపడిరేకాని, ఎదుట నిజమైన బొమ్మ యున్నదని యనుమానింపలేదు.

ఈ మనోదృశ్యశక్తి యందఱికి నొక్క రీతిని లేదు. 1880లో గాల్టను అను ఆంగ్ల పండితుడు, ఉదయమున ఫలాహారము చేసిన బల్లను తలచుకొని మనస్సులో ఎంత స్పష్టముగా కనబడునో వ్రాయుడని పలువురిని కోరెను. ఎదుట నున్నట్లే కనబడునని కొందఱు వ్రాసిరి. తమకు బొమ్మయే కానరాదనియు, మనస్సులో చూచుట యనునది కవుల మాటయే యనుకొంటిమనియు కొందఱు వ్రాసిరి. ఇట్టి స్థితికి 2015లో జెమాను అను బ్రిటిషు వైద్యుడును అతని తోడివారును అఫాంటేసియా యని పేరు పెట్టిరి. ఇది రోగము కాదు, తెలివి తక్కువతనమును కాదు. ధ్యానమున కూర్చుండి, కన్నులు మూసికొన్నను ఇష్టదైవము రూపము మనస్సున నిలువదని, తన భక్తిలోనే లోపమున్నదని కుందువారు మనలో నుందురు. రూపము కట్టుట భక్తికి కొలత కాదు. అది పలువురికి పలు విధములుగా మెదడు ఇచ్చిన శక్తి మాత్రమే.

ఇప్పుడు మొదట చెప్పిన ముఖ్యవిషయమునకు వచ్చుచున్నాను. కన్ను తెచ్చు వార్త తగ్గినకొలది మెదడు అంచనా బలపడునని చెప్పితిని. వార్త చాలవఱకు నిలిచిపోయినచో ఏమగును? తోలుబొమ్మలాటలో తెఱపై పగటియెండ పడుచుండగా బొమ్మల నీడలు కానరావు. ప్రొద్దు క్రుంకిన పిమ్మట అవే బొమ్మలు నిగనిగలాడును. అట్లే వెలుపలి వెలుగు తగ్గగానే, మెదడులోని బొమ్మలు కొందఱికి ఎదుట నున్నట్లే కానవచ్చును.

1760లో చార్లెస్ బానె యను జెనీవా పండితుడు తన తాతగారి విషయమును గ్రంథస్థము చేసెను. ఆయన పేరు చార్లెస్ లులెను. న్యాయాధికారిగా పనిచేసిన పెద్దమనిషి. 90 ఏండ్లకు దగ్గఱపడిన వయస్సు. రెండు కన్నులకును శుక్లములు వచ్చి, శస్త్రము జరిగి, పిమ్మట మఱల చూపు క్షీణించెను. ఆయనకు ఎదుట పురుషులు, స్త్రీలు, పక్షులు, బండ్లు, భవనములు కానవచ్చుచుండెను. ఆయన బుద్ధి చెక్కుచెదరలేదు. జ్ఞాపకము తగ్గలేదు. అవి నిజము కావని ఆయనకే తెలియును. వాని రాకపోకలను చూచి వినోదించుచుండెను. 20వ శతాబ్దములో వైద్యులు ఈ స్థితికి ఆ మనుమని పేరే పెట్టిరి.

చూపు బాగుగా తగ్గిన వృద్ధులలో ఇది యరుదైన సంగతి కాదు. కొందఱికి ముగ్గులవంటి గీతలు, జాలీలవంటి చతురములు కనబడును. కొందఱికి మొగములు, కొందఱికి చిత్రమైన వస్త్రములు ధరించిన పొట్టి మనుష్యులు, జంతువులు కనబడును. ఆ యాకారములు మాటలాడవు. కొన్ని క్షణములుండి పోవచ్చును, గంటల తరబడియు నుండవచ్చును. 1998లో లండనులో కొందఱు వైద్యులు, మెదడులో పనిచేయుచున్న భాగములను చిత్రించు యంత్రములో ఇట్టి రోగులను పరుండబెట్టి చూచిరి. రంగులు కనబడుచున్నవని రోగి చెప్పిన వేళ, మెదడులో రంగులను చూచు భాగమే పనిచేయుచుండెను. మొగములు కనబడిన వేళ మొగములను గుర్తించు భాగము పనిచేయుచుండెను. అనగా వారు కల్లలాడుట లేదు. వారికి నిజముగానే కనబడుచున్నవి. ఎదుట లేవు, అంతియే.

మా మేనత్తగారికి 80 ఏండ్లు దాటిన పిమ్మట ఇట్లే జరిగినది. సాయంకాలము వీధి యరుగుమీద పట్టుపావడాలు కట్టిన చిన్నపిల్లలు వరుసగా కూర్చుండి యుందురని ఆమె యొకనాడు చెప్పగా, ఇంట గగ్గోలు పుట్టెను. గాలి సోకినదని ఒకరు, మతి చలించినదని యొకరు. రక్షరేకు కట్టిరి. ఇరుగుపొరుగువారు పిల్లలను ఆమెకడకు పంపుట మానిరి. ఆమె యాపై నోరు మెదపలేదు. నేను సెలవులకు పోయినప్పుడు నా చేయి పట్టుకొని, "నాయనా, నాకు మతి పోలేదు గదా!" యని మెల్లగా నడిగెను. ఆ పిల్లలు కనబడుట మానలేదు. చెప్పుట మాత్రమే ఆమె మానినది. వారేమైన మాటలాడుదురా యని యడిగితిని. "లేదు, మూగబొమ్మలవలె నుందురు. తాకబోయిన నరుగు తగులును" అని చెప్పెను. ఆమెను కంటివైద్యునకడకు తోడ్కొనిపోతిమి. రెండు కన్నులకును శుక్లములు ముదిరియున్నవి. శస్త్రమైన పిమ్మట ఆ పిల్లలు రానురాను తగ్గిరి. ఆమెకు శుక్లములకంటె మిక్కుటమైన బాధ, ఆ కొన్ని నెలలు తన యింటిలోనే తన మాటను నమ్మువారు లేకపోవుట.

కావున ఇంటివారు చేయవలసినది చెప్పెదను. పెద్దలు అట్టి మాట చెప్పినప్పుడు నవ్వకుడు, బెదరకుడు, భూతవైద్యుని పిలువకుడు. "చూపు తగ్గినవారికి ఇట్లు కనబడుట కలదు, మీకు మతి బాగుగనే యున్నది" అని ధైర్యము చెప్పుడు. ఈ యొక్క మాటచేతనే సగము బాధ తీఱును. వెంటనే కంటివైద్యునకు చూపుడు. శుక్లమైనచో చికిత్స కలదు. నీటికాసులైనచో పోయిన చూపు రాకున్నను ఉన్న చూపు నిలుపవచ్చును. చీకటిగదిలో నొంటరిగా కూర్చుండబెట్టక, మంచి దీపము పెట్టుడు. ఆకారములు వచ్చినప్పుడు కనురెప్పలు మాటిమాటికి మూసి తెఱచుట, చూపును ఇటునటు త్రిప్పుట, లేచి నాలుగడుగులు నడచుట, ఎవరితోనైన మాటలాడుట కొందఱికి మేలు చేయును. చాలమందికి కాలక్రమమున అవి తగ్గుటయు కలదు.

అయితే ఒక జాగ్రత్త. కనబడునదంతయు ఈ జాతిదే యనుకొనరాదు. ఆ యాకారములు మాటలాడుచున్నచో, అవి నిజమేయని పెద్దలు పట్టుపట్టుచున్నచో, మఱపు, వడకు, తీవ్రజ్వరము తోడైనచో, క్రొత్త మందు మొదలిడిన పిమ్మట వచ్చినచో, కారణము వేఱొకటి కావచ్చును. అప్పుడు జాగుచేయక వైద్యునకడకు తీసికొనిపోవలెను. దృశ్యములో నొక భాగము ఉన్నట్టుండి మాయమైనచో అదే దినమున పోవలెను.

ఈ రాత్రి మీ యింటనున్న వృద్ధులను, ముఖ్యముగా చూపు మసకబారినవారిని, ఏకాంతమున కూర్చుండబెట్టుకొని, "మీకేమైన ఎదుట లేనివి కనబడుచున్నవా?" యని యడుగుడు. అడిగినవారు లేక, చెప్పిన వెఱ్ఱియందురను భయముచేత, లోలోపలనే దాచుకొనియున్నవారు ఉండవచ్చును. వారు చెప్పినదానిని సావధానముగా వినుడు. పిమ్మట ఎంత త్వరలో వీలగునో అంత త్వరలో వారిని కంటి ఆసుపత్రికి తోడ్కొనిపొండు.